బ్లాగుకి ఎవరొస్తున్నారు? ట్రాకర్ ఎంపిక, అమరిక, అంకెలు చదివే తీరు

ట్రాకర్ (బ్లాగుకి వచ్చేవాళ్లని లెక్కపెట్టే పనిముట్టు) కోసం వెతికే ముందు ఒక సంగతి తేల్చుకోవాలి: ఆ అంకెలు చూసి మీరు ఏం మారుస్తారు? ఏ టపాలు చదువుతున్నారో తెలిస్తే అలాంటివి ఇంకో నాలుగు రాస్తారు. ఎక్కణ్ణుంచి వస్తున్నారో తెలిస్తే లింకు ఎక్కడ పంచుకోవాలో తెలుస్తుంది. గూగుల్లో ఏం వెతికి వచ్చారో తెలిస్తే శీర్షిక సరిదిద్దుకుంటారు. సొంత బ్లాగుకి ఈ మూడూ చాలు. వచ్చినవాళ్ల వయసు, ఫోను మోడలు, ఊరు తెలిసినా వాటితో చేసేదేమీ ఉండదు. చేసేదేమీ లేని సమాచారం పోగేస్తే పేజీ బరువెక్కడమే మిగులుతుంది.

లెక్క ఎక్కడ జరుగుతుంది

మూడు చోట్ల. మొదటిది సర్వర్ లాగ్. పేజీ కావాలని అడిగిన ప్రతిసారీ సర్వరు ఒక వరుస రాసుకుంటుంది: సమయం, ఐపీ చిరునామా, అడిగిన పేజీ, బ్రౌజరు పేరు. గోయాక్సెస్, ఏడబ్ల్యూస్టాట్స్ ఈ ఫైలునే చదివి పట్టికలు వేస్తాయి. పేజీలో ఏమీ అతికించక్కర్లేదు, యాడ్ బ్లాకర్లు దీన్ని ఆపలేవు. కానీ దారిన పోయే ప్రతి బాటూ (మనిషి లేకుండా తనంతట తానే పేజీలు తెరిచే ప్రోగ్రాము) ఇందులో పడుతుంది. పైగా బ్లాగు ముందు క్లౌడ్‌ఫ్లేర్ లాంటి సీడీఎన్ (పేజీల కాపీలు దాచి పాఠకులకి అందించే సేవ) ఉంటే, అది తన దగ్గరున్న కాపీ నుంచి ఇచ్చేసిన పేజీలు మీ లాగ్‌లోకి రానే రావు. వచ్చినవాటికి కూడా పాఠకుడి ఐపీ బదులు సీడీఎన్ ఐపీ పడుతుంది. సొంత సర్వరు లేనివాళ్లకి ఈ దారి లేదు.

రెండోది స్క్రిప్టు. పేజీ తెరుచుకోగానే బ్రౌజర్లో చిన్న జావాస్క్రిప్టు నడిచి ‘ఇక్కడికి ఒకరు వచ్చారు’ అని కబురు పంపుతుంది. జావాస్క్రిప్టు నడపని బాట్లు రాలిపోతాయి. వాటితోపాటు యూబ్లాక్ ఆరిజిన్ పెట్టుకున్నవాళ్లూ, బ్రేవ్ వాడేవాళ్లూ చాలావరకు రాలిపోతారు. సాంకేతిక విషయాలు రాసే బ్లాగుకి ఈ నష్టం ఎక్కువ, వంటల బ్లాగుకి తక్కువ.

మూడోది వేదిక ఇచ్చే లెక్క: బ్లాగర్లోని స్టాట్స్, వర్డ్‌ప్రెస్‌లో జెట్‌ప్యాక్ స్టాట్స్. బ్లాగర్ లెక్కలోకి బాట్లు ధారాళంగా వస్తాయి, దాన్ని చూసి మురిసిపోవద్దు. జెట్‌ప్యాక్ కాస్త నయం, లాగిన్ అయి ఉన్న మిమ్మల్ని మామూలుగా లెక్కపెట్టదు.

ఒకే రోజుకి లాగ్ 900 అనొచ్చు, బ్లాగర్ 600, స్క్రిప్టు 250. ఏదీ అబద్ధం కాదు, ఒక్కొక్కటి ఒక్కోదాన్ని లెక్కపెడుతోంది. రెండు పనిముట్ల అంకెల్ని పక్కపక్కన పెట్టి ఎందుకు కలవలేదని తల బద్దలు కొట్టుకోవడం వృథా. ఒకదాన్ని పట్టుకుని, దాని పెరుగుదలా తరుగుదలా మాత్రమే చూడండి.

ఏది ఎంచుకోవాలి

గూగుల్ వారి సెర్చ్ కన్సోల్ ఎలాగూ పెట్టుకోండి. అది ట్రాకర్ కాదు, మీ పేజీలో ఏ స్క్రిప్టూ నడపదు. గూగుల్ వెతుకులాటలో మీ టపా ఎన్నిసార్లు కనిపించింది, ఎంతమంది నొక్కారు, సగటున ఎన్నో స్థానంలో ఉంది అన్నవి గూగుల్ తన వైపు నుంచే ఇస్తుంది. 16 నెలల సమాచారం ఉంటుంది. సొంత డొమైన్ ఉంటే డీఎన్‌ఎస్‌లో (డొమైన్ పేరు ఏ సర్వరుకి వెళ్లాలో చెప్పే పట్టికలో) టీఎక్స్‌టీ రికార్డు చేర్చి డొమైన్ మొత్తాన్నీ ధ్రువీకరించుకోవచ్చు. బ్లాగ్‌స్పాట్ చిరునామాకి డీఎన్‌ఎస్ మన చేతిలో ఉండదు కాబట్టి యూఆర్‌ఎల్ ప్రిఫిక్స్ పద్ధతి ఎంచుకోవాలి.

దానికి తోడు ఒక తేలికపాటి లెక్క. ఖర్చు లేకుండా కావాలంటే గోట్‌కౌంటర్. వ్యాపారం కాని చిన్న సైట్లకి ఉచితం, కుకీలు (బ్రౌజర్లో దాచే గుర్తింపు ముక్కలు) పెట్టదు, స్క్రిప్టు కొద్ది కిలోబైట్లే. పట్టిక సాదాసీదాగా ఉంటుంది, అదే దాని అందం. డొమైన్ ఇప్పటికే క్లౌడ్‌ఫ్లేర్‌లో ఉంటే వాళ్ల వెబ్ అనలిటిక్స్ కూడా ఉచితమే, కుకీలు లేవు. డబ్బు పెట్టగలిగితే 2019లో మొదలైన ప్లాసిబుల్ చూడ ముచ్చటగా ఉంటుంది: ఒక్క తెరలో అన్నీ కనిపిస్తాయి. సర్వరు నడిపే ఓపిక ఉన్నవాళ్లు దాని కమ్యూనిటీ ఎడిషన్‌నో, ఉమామీనో సొంతంగా పెట్టుకోవచ్చు.

మటోమో ఇంకో తరహా. 2007లో పివిక్‌గా మొదలై 2018లో ఈ పేరు పెట్టుకుంది. పీహెచ్‌పీ, మైఎస్‌క్యూఎల్ ఉన్న మామూలు షేర్డ్ హోస్టింగ్‌లో కూడా నడుస్తుంది, సమాచారమంతా మీ దగ్గరే ఉంటుంది. రెండు అమరికలు మరిచిపోతే మాత్రం ఏడిపిస్తుంది. నివేదికల్ని మీరు పేజీ తెరిచినప్పుడు లెక్కగట్టేలా వదిలేస్తే కొన్నాళ్లకి పట్టిక తెరుచుకోవడానికి నిమిషాలు పడుతుంది, కాబట్టి క్రాన్ జాబ్ (సర్వరు వేళకి తనంతట తానే చేసే పని) పెట్టి ముందే లెక్కగట్టించండి. పాత ముడి లాగ్‌ల్ని 180 రోజులకో ఎప్పుడో చెరిపేసేలా పెట్టకపోతే డేటాబేసు ఉబ్బిపోతుంది.

ఇక గూగుల్ అనలిటిక్స్ 4. అమ్మకాలు, ప్రకటనలు ఉన్న సైటుకి అది తగినదే. వారానికో టపా రాసే బ్లాగుకి మాత్రం పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం. అయినా వాడాలనుకుంటే, పెట్టిన రోజే రెండు పనులు చేయాలి. అడ్మిన్‌లో డేటా రిటెన్షన్ (సమాచారం ఎన్నాళ్లు ఉంచాలన్న అమరిక) 2 నెలలకి ఉంటుంది, దాన్ని 14 నెలలకి మార్చండి. ఇది మామూలు నివేదికల్ని తాకదు కానీ, ఎక్స్‌ప్లోర్‌లో సొంత పట్టికలు వేసుకునేటప్పుడు పాత సమాచారం మాయమయ్యేది దీనివల్లే. రెండోది, ఎన్‌హాన్స్‌డ్ మెజర్‌మెంట్‌లో ఏవి ఆన్‌లో ఉన్నాయో చూసుకోండి. అందులో స్క్రోల్ అన్నది పేజీలో 90 శాతం కిందికి వెళితేనే నమోదవుతుంది. కింద పొడవాటి వ్యాఖ్యల వరుస ఉంటే, టపా పూర్తిగా చదివినవాళ్లు కూడా ఆ గీత దాటరు.  

మౌసు ఎక్కడ తిరిగిందో వీడియోలా చూపించే క్లారిటీ లాంటివి థీమ్ మార్చినప్పుడు ఒక పదిహేను రోజులు పెట్టి తీసేయాల్సినవి. ఏడాది పొడుగునా ఉంచొద్దు.

స్క్రిప్టు అతికించడం

వర్డ్‌ప్రెస్‌లో థీమ్ ఫైలుని నేరుగా దిద్దితే తర్వాతి అప్‌డేట్‌లో అది కొట్టుకుపోతుంది. నెల తర్వాత అంకె సున్నాకి పడిపోయిందేమిటా అని చూస్తే సాధారణంగా కారణం ఇదే. హెడర్‌లో కోడ్ చేర్చే ప్లగిన్ గానీ, ఆ పనిముట్టు సొంత ప్లగిన్ గానీ, చైల్డ్ థీమ్ గానీ వాడండి. పెట్టగానే క్యాష్ (ముందే దాచిపెట్టిన పేజీ కాపీలు) ఖాళీ చేయండి, లేకపోతే పాఠకులకి స్క్రిప్టు లేని పాత పేజీలే వెళుతూంటాయి. వేగం పెంచే ప్లగిన్లలో ‘పాఠకుడు కదిలేదాకా జావాస్క్రిప్టు ఆపు’ అనే సదుపాయం ఉంటుంది. అది ట్రాకర్‌నీ ఆపుతుంది కాబట్టి, పేజీ తెరిచి రెండు వాక్యాలు చూసి వెళ్లిపోయినవాడు లెక్కలోకి రాడు. ఆ స్క్రిప్టుని మినహాయింపుల్లో చేర్చండి.

బ్లాగర్లో గూగుల్ అనలిటిక్స్‌కి కోడ్ అక్కర్లేదు, సెట్టింగ్స్‌లో మెజర్‌మెంట్ ఐడీ గడిలో ‘జీ-’తో మొదలయ్యే గుర్తింపు వేస్తే చాలు. మిగతావాటికి థీమ్‌లోకి వెళ్లి, ముందు బ్యాకప్ తీసుకుని, కస్టమైజ్ పక్కనున్న బాణం నుంచి ఎడిట్ హెచ్‌టీఎమ్‌ఎల్ తెరిచి, బాడీ ట్యాగు ముగిసే చోటుకి సరిగ్గా పైన అతికించాలి. ఇక్కడే చాలామంది ఆగిపోతారు: సేవ్ నొక్కితే ఎర్ర అక్షరాల్లో లోపం చూపిస్తుంది. బ్లాగర్ థీమ్ ఎక్స్‌ఎమ్‌ఎల్, దానికి విలువ లేని గుణం ఒప్పుకోదు. మీరు కాపీ చేసిన కోడ్‌లో ‘అసింక్’ అనో ‘డిఫర్’ అనో ఒంటరి మాట ఉంటుంది. దాని పక్కన సమానం గుర్తు పెట్టి కొటేషన్లలో మళ్లీ అదే మాట రాయండి. కోడ్‌లో ఎక్కడైనా ఒంటరి యాంపర్‌సాండ్ గుర్తు ఉంటే దాన్ని కూడా ఎక్స్‌ఎమ్‌ఎల్ పద్ధతిలో, గుర్తు వెంట ‘ఏఎంపీ’ అనే మూడు చిన్న ఇంగ్లీషు అక్షరాలూ సెమికోలనూ చేర్చి రాయాలి. ఈ తంటా వద్దనుకుంటే లేఅవుట్‌లో హెచ్‌టీఎమ్‌ఎల్/జావాస్క్రిప్టు గాడ్జెట్ చేర్చి అందులో అతికించండి, అక్కడ ఈ పట్టింపు లేదు.

వర్డ్‌ప్రెస్ డాట్ కామ్ ఉచిత ప్లాన్‌లో బయటి స్క్రిప్టు పెట్టనివ్వరు. అక్కడ వాళ్ల స్టాట్స్, సెర్చ్ కన్సోల్ ఈ రెండింటితోనే సరిపెట్టుకోవాలి.

పనిచేస్తోందా లేదా

పట్టికలో అంకె కోసం ఎదురుచూడకండి. కంప్యూటర్లో క్రోమ్ తెరిచి, యాడ్ బ్లాకర్ ఆపి, ఎఫ్12 నొక్కి నెట్‌వర్క్ ట్యాబ్‌కి వెళ్లండి. పేజీ మళ్లీ లోడ్ చేయండి. వడపోత గడిలో గూగుల్ అనలిటిక్స్‌కైతే ‘కలెక్ట్’ అనీ, గోట్‌కౌంటర్‌కైతే ‘కౌంట్’ అనీ, ప్లాసిబుల్‌కైతే ‘ఈవెంట్’ అనీ ఇంగ్లీషులో కొట్టండి. ఒక వరుస కనిపించి, స్టేటస్ 200ల్లో ఉంటే కబురు చేరినట్టే. గూగుల్‌ది 204 చూపిస్తుంది. ‘బ్లాక్‌డ్’ అని ఉంటే ఇంకా ఏదో పొడిగింపు అడ్డుపడుతోంది. అసలు వరుసే లేకపోతే స్క్రిప్టు పేజీలోకి రాలేదు, అది క్యాష్ సంగతో తప్పు చోట అతికించడమో.

ఒకే పేజీకి రెండు వరుసలు కనిపిస్తే జాగ్రత్త. థీమ్‌లో ఒకసారి, ప్లగిన్‌లో ఇంకోసారి అదే ఐడీ పెట్టారన్నమాట. వీక్షణలు రెట్టింపు అవుతాయి, అది కొంతవరకు కంటికి తెలుస్తుంది. కంటికి తెలియనిది ఇంకొకటుంది. గూగుల్ అనలిటిక్స్‌లో ఒక సెషన్ (ఒకసారి వచ్చి వెళ్లడం) 10 సెకన్లు దాటినా, రెండు పేజీ వీక్షణలు ఉన్నా, ముఖ్యమైనదిగా మీరు గుర్తుపెట్టిన ఘటన జరిగినా దాన్ని ఎంగేజ్డ్ అంటారు. రెండుసార్లు లెక్కపడితే ప్రతి సెషన్‌కీ రెండు వీక్షణలు వచ్చేస్తాయి కాబట్టి ఎంగేజ్‌మెంట్ రేటు 100కి చేరువవుతుంది. అది చూసి సంబరపడే ముందు నెట్‌వర్క్ ట్యాబ్ ఒకసారి తెరవండి.

గూగుల్ అనలిటిక్స్‌లో రియల్‌టైమ్ గత 30 నిమిషాలు చూపిస్తుంది. మామూలు నివేదికలు నిండడానికి 24 నుంచి 48 గంటలు పడుతుంది, కాబట్టి నిన్నటి అంకెని ఈరోజు పొద్దున్నే చూసి దిగులుపడనక్కర్లేదు.

మిమ్మల్ని మీరు తీసేసుకోండి

రోజుకి ముప్ఫై వీక్షణలున్న బ్లాగులో, కామా సరిదిద్దుకుంటూ మీరే పదిసార్లు తెరిస్తే మూడో వంతు మీరే. ఐపీ చిరునామాతో మినహాయించడం పాత సలహా. ఫోను డేటాలో, చాలా ఇళ్ల కనెక్షన్లలో ఐపీ మారుతూంటుంది కనుక అది నిలవదు. బ్రౌజరు వారీగా మినహాయించండి. గోట్‌కౌంటర్‌లో మీ బ్లాగు చిరునామా చివర హ్యాష్ గుర్తు వేసి ‘టాగుల్-గోట్‌కౌంటర్’ అని ఇంగ్లీషులో కొట్టి తెరిస్తే ఆ బ్రౌజరు ఇక లెక్కలోకి రాదు. బ్లాగర్ స్టాట్స్‌లో మీ వీక్షణల్ని వదిలేసే అమరిక ఉంది. ఫోనుకి వేరే, ల్యాప్‌టాప్‌కి వేరే చేయాలి, కుకీలు చెరిపేస్తే మళ్లీ చేయాలి. గూగుల్ అనలిటిక్స్‌లో ఇంటర్నల్ ట్రాఫిక్ వడపోత పెడితే అది మొదట ‘టెస్టింగ్’ స్థితిలోనే ఉంటుంది, ‘యాక్టివ్’కి మార్చేదాకా దేన్నీ ఆపదు.

తెలుగు చిరునామాల చిక్కు

ఇంగ్లీషులో రాసేవాళ్లకి ఎదురవని తలనొప్పి ఇది. బ్లాగర్లో శీర్షిక తెలుగులో ఉంటే పర్మాలింకులో (టపా శాశ్వత చిరునామాలో) ఆ అక్షరాలు పడవు. ‘బ్లాగ్-పోస్ట్’ అనీ, దాని వెనక ఒక అంకె అనీ వస్తుంది. రిపోర్టులో ఇరవై టపాలు ఒకే పేరుతో, అంకె తేడాతో కనిపిస్తే ఏది ఏదో ఎవరికి గుర్తుంటుంది? ప్రచురించే ముందే కుడివైపున్న పర్మాలింక్‌లో కస్టమ్ ఎంచుకుని ఇంగ్లీషు అక్షరాల్లో చిన్న పేరు ఇవ్వండి.

వర్డ్‌ప్రెస్ తెలుగు చిరునామాని ఒప్పుకుంటుంది, కానీ లోపల దాన్ని శాతం గుర్తులుగా మార్చి దాచుకుంటుంది. యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు సంకేతానికి 3 బైట్లు, ఒక్కో బైటుకి శాతం గుర్తుతో కలిపి 3 అక్షరాలు, అంటే మొత్తం 9. స్లగ్‌కి (చిరునామాలో టపా పేరు ముక్కకి) ఉన్న చోటు 200 అక్షరాలు. అంటే 22 సంకేతాలు దాటితే తెగిపోతుంది. గుణింతపు గుర్తులూ, వత్తులోని పొల్లూ విడివిడి సంకేతాలే కాబట్టి ‘స్త్రీ’ అనే ఒక్క అక్షరమే ఆరింటిని తినేస్తుంది. నాలుగు మాటల శీర్షిక సగంలో తెగడం అందుకే. కొన్ని ట్రాకర్లు చిరునామాని తిరిగి తెలుగులో చూపిస్తాయి, కొన్ని శాతం గుర్తుల వరసనే మీ ముఖాన కొడతాయి. అప్పుడు పేజీ చిరునామా బదులు పేజీ శీర్షిక వరుసని ఎంచుకుని చూడండి. పాత టపాల చిరునామాలు మాత్రం రీడైరెక్ట్ (పాతదాన్నుంచి కొత్తదానికి మళ్లింపు) లేకుండా మార్చొద్దు, బయటి లింకులన్నీ విరుగుతాయి.

వాట్సాప్ నుంచి వచ్చినవాళ్లని పట్టుకోవడం

‘డైరెక్ట్’ అని కనిపించే రాశిలో చిరునామా నోటితో గుర్తుపెట్టుకుని కొట్టినవాళ్లు చాలా తక్కువ. వాట్సాప్, ఈమెయిలు, టెలిగ్రామ్ లాంటి యాప్‌ల నుంచి వచ్చే నొక్కులకి సాధారణంగా ఎక్కణ్ణుంచి అన్న సమాచారం ఉండదు, అవన్నీ అందులో పడతాయి. ఇతర సైట్ల నుంచి వచ్చినా, 2020 తర్వాతి బ్రౌజర్లు మామూలుగా డొమైన్ పేరు వరకే చెబుతాయి, ఏ పేజీ నుంచో చెప్పవు.

దీనికి మందు యూటీఎం, అంటే లింకు చివర తగిలించే గుర్తులు. 2005లో గూగుల్ కొన్న అర్చిన్ అనే సంస్థ పేరు ఆ మూడక్షరాల్లో ఇంకా బతికే ఉంది. టపా చిరునామా చివర ఇలా చేర్చాలి: ?యూటీఎం_సోర్స్=వాట్సాప్&యూటీఎం_మీడియం=సోషల్&యూటీఎం_క్యాంపెయిన్=ఉగాది. ఇవన్నీ ఇంగ్లీషు చిన్న అక్షరాల్లోనే కొట్టాలి. పెద్దక్షరంతో ఒకసారి, చిన్నక్షరంతో ఒకసారి రాస్తే రెండు వేర్వేరు వరుసలవుతాయి. మీడియంకి ‘సోషల్’, ‘ఈమెయిల్’ లాంటి అందరూ వాడే మాటే వాడండి. సొంత పేరు పెడితే గూగుల్ అనలిటిక్స్ దాన్ని ‘అనసైన్డ్’లో పడేస్తుంది. గుంపుకొక క్యాంపెయిన్ పేరు పెడితే ఏ గుంపులో చదువుతున్నారో తెలుస్తుంది. అయితే ఎవరో ఆ లింకుని కాపీ చేసి ఇంకోచోట పెడితే ఆ రాకపోకలు కూడా వాట్సాప్ ఖాతాలోనే పడతాయి. ఇంకొకటి: మీ బ్లాగులో ఒక టపా నుంచి ఇంకో టపాకి ఇచ్చే లింకులకి యూటీఎం ఎప్పుడూ తగిలించొద్దు, అసలు ఎక్కణ్ణుంచి వచ్చారన్న జాడ చెదిరిపోతుంది.

అంకెల్ని చదవడం

సందర్శకుల సంఖ్య అంటే మనుషుల సంఖ్య కాదు. కుకీ లేని పనిముట్లు ఐపీ, బ్రౌజరు వివరం కలిపి ఒక తాత్కాలిక గుర్తు తయారుచేస్తాయి. ప్లాసిబుల్ దాన్ని రోజూ మారుస్తుంది, అందుకే నెలలో పది రోజులు వచ్చిన ఒకే మనిషి పదిమందిగా లెక్కపడతాడు. మరోవైపు ఫోను కంపెనీ ఒకే ఐపీని ఎంతోమందికి పంచితే, ఒకే మోడలు ఫోనున్న ఇద్దరు ఒకరైపోవచ్చు. కుకీ పెట్టేవాటికీ బాధ తప్పలేదు: సఫారీలో స్క్రిప్టు పెట్టిన కుకీ 7 రోజులకే పోతుంది, ఎనిమిదో రోజు వచ్చిన పాత పాఠకుడు కొత్తవాడవుతాడు. కాబట్టి రోజువారీ సందర్శకుల్ని నమ్మొచ్చు, నెలవారీ ‘కొత్తవాళ్లు’ అన్న అంకెని పట్టించుకోకండి. ఊరి పేరు కూడా అంతే. ఫోను డేటాలో ఆ ఊరు నెట్‌వర్కు బయటికొచ్చే చోటు కావచ్చు, పాఠకుడు ఉన్న చోటు కాకపోవచ్చు. ఫీడ్ రీడర్లో, ఈమెయిల్లో పూర్తి టపా చదివేవాళ్లు ఏ లెక్కలోనూ ఉండరు.

ఒక రోజు గీత హఠాత్తుగా నిటారుగా లేచిందనుకోండి. వరసగా ఇవి చూడండి. అది ఒకే టపాకా, హోమ్ పేజీకా? ఎక్కణ్ణుంచి అన్న వరుసలో పేరేదైనా ఉందా, అంతా డైరెక్టేనా? ఒకే దేశమా, తెర కొలతలన్నీ ఒకటేనా, గడిపిన సమయం సున్నానా? హోమ్ పేజీ, డైరెక్ట్, ఒకే తెర కొలత, సున్నా సెకన్లు కలిసి వస్తే అది బాటు, వదిలేయండి. ఒక టపాకి, ఫోన్ల నుంచి, నిమిషాల కొద్దీ చదువు కనిపిస్తే ఎవరో పెద్ద గుంపులో పంచారు. అప్పుడు ఆ టపా చివర సంబంధమున్న మరో రెండు టపాల లింకులు వెంటనే చేర్చండి, ఆ వేడి ఎక్కువ రోజులుండదు. ఎక్కణ్ణుంచి అన్న వరుసలో వింత డొమైన్ పేరు కనిపిస్తే కుతూహలంతో నొక్కొద్దు. మీరు నొక్కుతారనే దాన్ని అక్కడ నాటారు.

సెర్చ్ కన్సోల్‌లో నెలకోసారి చేయాల్సిన పని ఒకటుంది. క్వెరీల (వెతికిన మాటల) పట్టికని ఇంప్రెషన్ల (ఎన్నిసార్లు కనిపించిందన్న లెక్క) ప్రకారం పెట్టి, సగటు స్థానం 8 నుంచి 20 మధ్య ఉన్నవి వెతకండి. అవి మొదటి పేజీ గుమ్మం దగ్గర నిలబడ్డవి. ఆ వెతుకులాట మాట మీ శీర్షికలో ఉందా? తెలుగు పాఠకులు చాలామంది తెలుగు మాటని ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టి వెతుకుతారు, ఆ రూపం ఇక్కడ కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది. దాన్ని చిరునామాలో వాడుకోండి, టపా మొదటి పేరాలో మాత్రం తెలుగులోనే స్పష్టంగా చెప్పండి. చాలా అరుదైన వెతుకులాటల్ని గూగుల్ దాచేస్తుంది కనుక వరుసల మొత్తం పైనున్న మొత్తానికి సరిపోదు, అది లోపం కాదు.

పాఠకుడికి చెప్పండి

2018 నుంచి అమల్లో ఉన్న జీడీపీఆర్ అనే ఐరోపా గోప్యతా చట్టం అక్కడి పాఠకులకి వర్తిస్తుంది. విశ్లేషణ కుకీలకి అక్కడ సాధారణంగా ముందస్తు అనుమతి అడగాలి. అనుమతి అడిగే పట్టీ పెడితే, ఒప్పుకునేదాకా స్క్రిప్టు నడవకూడదు. పట్టీ ఉంది కానీ వెనక స్క్రిప్టు ముందే నడుస్తోందంటే పట్టీ పెట్టి లాభం లేదు. నెట్‌వర్క్ ట్యాబ్‌లో ఒప్పుకోకముందే వరుస కనిపిస్తోందేమో చూసుకోండి. కుకీ లేని పనిముట్టు ఎంచుకోవడానికి ఈ తతంగం తగ్గడం మంచి కారణం. ఏది వాడినా గోప్యత పేజీలో నాలుగు ముక్కలు రాయండి: ‘ఈ బ్లాగులో ఏ టపాలు చదువుతున్నారో తెలుసుకోవడానికి ఫలానా పనిముట్టు వాడుతున్నాం. అది పేజీ చిరునామా, వచ్చిన చోటు, దేశం, బ్రౌజరు రకం నమోదు చేస్తుంది. కుకీలు పెట్టదు. సమాచారం ఇన్ని నెలలు ఉంటుంది.’ రాసింది అమరికతో సరిపోవాలి.

పనిముట్టు మార్చాలనుకుంటే పాతదాన్నీ కొత్తదాన్నీ ఒక నెల పక్కపక్కన నడపండి. రెండింటి నిష్పత్తి తెలుస్తుంది, అప్పుడు పాత నెలల్ని కొత్త అంకెలతో పోల్చేటప్పుడు మోసపోరు. పాత దాని నుంచి నెలవారీ మొత్తాలు, టపాల వారీ వీక్షణలు సీఎస్‌వీగా (పట్టిక ఫైలుగా) దించుకుని, ఆ తర్వాతే ఖాతా మూసేయండి. చివరగా థీమ్‌లోనూ, ప్లగిన్లలోనూ, గాడ్జెట్లలోనూ పాత స్క్రిప్టు వెతికి తీసేయండి. ఖాతా పోయినా స్క్రిప్టు మిగిలితే, ప్రతి పాఠకుడి బ్రౌజరూ ఎవరూ చూడని చోటికి ఇంకా కబురు పంపుతూనే ఉంటుంది.